కుబేర స్థానంలో బాల్కనీ, కిటికీలో రేడియో

2007 సెప్టెంబర్ 1, శనివారం. మధ్యాహ్నం పన్నెండింటికి మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సీజన్‌లో మొదటి ఆట. ఆ యూనివర్సిటీ ఉన్న యాన్ ఆర్బర్‌లో నాకది ఎమ్మెస్ రెండో ఏడు. స్టేడియం మా అపార్ట్‌మెంట్‌కి అర మైలు కూడా ఉండదు. ప్రత్యర్థి అపలాచియన్ స్టేట్ అని ఎప్పుడూ వినని కాలేజీ. ఈ మాత్రం ఆటకి టికెట్ ఎందుకు, టీవీలో వస్తుందిగా అనుకున్నా.

అంతకుముందు ఏడాది వరకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదనే అనుకున్నవాణ్ణి. 2006లో రూమ్మేట్లతో కలిసి కొన్న పాత టీవీకి రెండు కొమ్ముల యాంటెన్నా తగిలిస్తే డెట్రాయిట్ 7వ ఛానెల్, అంటే ఏబీసీ, పైసా ఖర్చు లేకుండా వచ్చేది. కాస్త చుక్కలు పడేవనుకోండి. తెనాలిలో నాన్న డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే నేను కింద నించి "వచ్చింది... వచ్చింది... పోయింది!" అని అరిచిన అనుభవం ఇక్కడ పనికొచ్చింది. ఆ నవంబర్ 18న ఒకటో ర్యాంకు ఒహాయో స్టేట్, రెండో ర్యాంకు మిషిగన్ తలపడ్డాయి. మావాళ్లు 42-39తో ఓడారు. ముందు రోజే మిషిగన్ పాత కోచ్ బో షెంబెక్లర్ పోయారు. ఊరంతా చావింట్లా ఉంది. నాకు పిచ్చి పట్టింది ఆ రోజే.

ఇక 2007కి వస్తే, ఆ మొదటి ఆట ఏబీసీలో లేదు. మిషిగన్ ఆడే 'బిగ్ టెన్' అనే కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి, సొంతంగా ఒక ఛానెల్ పెట్టుకుంది. (పేరుకి టెన్ గానీ అప్పట్లో జట్లు 11. అడిగితే ఎవరూ నవ్వరు కూడా.) ఆ ఛానెల్ మొదలైంది ఆగస్టు 30న, అంటే ఆటకి రెండు రోజుల ముందు. మా కేబుల్‌లో లేదు.

ఫోన్ చేశా. నలభై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి "చర్చలు జరుగుతున్నాయి" అంది. మర్నాడు మళ్లీ చేస్తే ఇంకొకాయన అదే ముక్క చెప్పాడు. గొడవ ఏమిటో తర్వాత పేపర్లో చదివా. తమ రాష్ట్రాల్లో కేబుల్ ఉన్న ప్రతి ఇంటికీ నెలకి డాలరు పైచిలుకు ఇమ్మని ఛానెల్ అడుగుతోంది. కావాలన్నవాళ్లకే విడిగా స్పోర్ట్స్ ప్యాకేజీలో అమ్ముతామని కేబుల్ కంపెనీ అంటోంది. కోపంలో ఉన్నా, నిజం ఒప్పుకోవాలి: మా పై ఫ్లాటులో ఉండే, ఆటంటే గిట్టని ముసలావిడ ఆ డాలరు ఎందుకు కట్టాలి? కానీ ఈ న్యాయం శనివారం పన్నెండింటికి నాకు ఏ రకంగానూ పనికిరాదు.

అసలు కాలేజీ పిల్లలు ఆడే ఆటకి ఇంత వ్యాపారం ఎలా వచ్చిందని తవ్వితే కథ కోర్టు దాకా వెళ్లింది. 1950ల నుంచి ఏ ఆట టీవీలో రావాలో, ఎన్ని రావాలో ఎన్‌సీఏఏ అనే కాలేజీ ఆటల సంఘమే తేల్చేది. అన్నీ టీవీలో చూపిస్తే స్టేడియానికి ఎవడొస్తాడని భయం. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కేసు వేశాయి. 1984 జూన్‌లో సుప్రీం కోర్టు 7-2తో ఆ పెత్తనం చెల్లదంది. అప్పట్నించి ఎవరి హక్కులు వాళ్లు అమ్ముకోవడం, కాన్ఫరెన్స్‌లు బేరాలాడటం. ఆటల తేదీలు ఏళ్ల ముందే తెలుస్తాయి గానీ, చాలా ఆటలు ఏ ఛానెల్లో ఎన్ని గంటలకో 12 రోజుల ముందు చెప్తారు, ఒక్కోసారి 6 రోజుల ముందు. అత్తారింట్లో ముహూర్తం ఖాయం కాకుండా శుభలేఖలు వేయించినట్టుంటుంది వ్యవహారం.

సరే, శాటిలైట్ డిష్‌లో ఆ ఛానెల్ వస్తుందన్నారు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే డిష్‌లు పెట్టనివ్వం అన్నారు. లైబ్రరీలో కూర్చుని వెతికితే రేడియో, టీవీ ప్రసారాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ రూలు ఒకటి దొరికింది: మీటరు లోపు డిష్‌ని అద్దెకున్నవాళ్లు తమ సొంత బాల్కనీలో పెట్టుకుంటే ఓనరు కాదనకూడదు. ప్రింటు తీసి పట్టుకెళ్లా. ఆఫీసావిడ రెండుసార్లు చదివి, "గోడకి చిల్లు మాత్రం పెట్టొద్దు" అంది. గెలిచాననుకుని ఇంటికొచ్చా.

శుక్రవారం పొద్దున్న డిష్ కుర్రాడు వచ్చాడు. బాల్కనీలో నిలబడి, జేబులోంచి దిక్సూచి తీసి, అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి మా వంటింటి గోడ కేసి వేలు చూపించాడు. ఆ శాటిలైట్లు భూమధ్యరేఖ మీద ఉంటాయట, ఇక్కణ్ణించి డిష్ దక్షిణాకాశం చూడాలి. మా బాల్కనీ ఉత్తరానికి. ఫ్లాటు తీసుకునేటప్పుడు అమ్మ ఫోన్లో ప్రత్యేకంగా అడిగి మరీ సంతోషించింది, ఉత్తరం కుబేర స్థానమని. కుబేరుడి దగ్గర సిగ్నల్ లేదు.

కుర్రాడు కింద వ్యాన్ స్టార్ట్ చేస్తుంటే పక్కింటి పెద్దాయన సంగతేమిటని అడిగాడు. చెప్పా. నవ్వి లోపలికెళ్లి చేతిలో పట్టేంత ట్రాన్సిస్టర్ ఒకటి తెచ్చిచ్చాడు. ఆట డెట్రాయిట్ స్టేషన్లో వస్తుందన్నాడు. సెట్టు ఎక్కడైనా పలుకుతుందట. ఆయనకి టీవీ అంటే చిన్నచూపు. బాబ్ యూఫర్ కాలం మనిషి. యూఫర్ 1945 నుంచి 1981 దాకా వరసగా 362 మిషిగన్ ఆటలు రేడియోలో చెప్పాడు. మిషిగన్‌ని 'మీషిగన్' అని సాగదీసేవాడట. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ జనరల్ ప్యాటన్ జీపుదని చెప్పుకునే హారన్ ఒకటి దగ్గర పెట్టుకుని టచ్‌డౌన్‌కి (బంతిని గ్రౌండు అవతలి చివరికి చేరిస్తే) మూడుసార్లు, ఫీల్డ్ గోల్‌కి (కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే) రెండుసార్లు, అదనపు పాయింటుకి ఒకసారి మోగించేవాడట. పెద్దాయన మెట్ల మీద నిలబడే ఆ హారన్ నోటితో మోగించి చూపించాడు, మూడుసార్లు.

రేడియోతో వచ్చిన చిక్కు వేరు. టీవీలో బంతి ఎక్కడిదాకా వెళ్లాలో చూపించే పసుపు గీత చూసి అలవాటైనవాణ్ణి. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు వెళ్లాలన్న లెక్క తెలుసు గానీ, చెవితో వింటే బంతి ఎక్కడుందో బుర్రలో నిలవదు. అందుకని న్యూస్‌పేపర్ పరిచి, మార్కర్‌తో వంద యార్డుల గ్రౌండు గీశా. బంతికి చింతగింజ. పులుసుకి నానబెట్టిన చింతపండులో దొరికింది. వంటింటి ట్యూబ్‌లైటు వేస్తే రేడియో తేనెటీగల పట్టులా రొద పెట్టేది కాబట్టి అది ఆర్పేశాం. సెట్టుని అటూ ఇటూ తిప్పితే, కిటికీకి అడ్డంగా పెట్టినప్పుడు గొంతు తేటగా వచ్చింది. ఫ్రాంక్ బెక్‌మన్ ఆట చెప్పేవాడు, ఒకప్పుడు అదే జట్టుకి ఆడిన జిమ్ బ్రాండ్‌స్టాటర్ విడమరిచేవాడు. ఎడమ నుంచి కుడికా, కుడి నుంచి ఎడమకా అని చెప్పగానే చింతగింజ జరపడం. ఆకాశవాణిలో క్రికెట్ విన్నట్టే. తేడా అల్లా అక్కడ ఓవర్ల మధ్య ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇంకో సంగతి అనుకోకుండా కలిసొచ్చింది. కిటికీ తెరిస్తే స్టేడియం హోరు వినిపిస్తుంది. లక్షా తొమ్మిది వేల మంది. ఆ హోరు ముందొస్తుంది, కొన్ని సెకన్ల తర్వాత రేడియో కారణం చెప్తుంది. పెద్ద హోరైతే మావాళ్లు ఏదో చేశారన్నమాట. కూడలిలో నలుగురు కుర్రాళ్లు అరిచినంతైతే అవతలివాళ్లు. మొదటి సగంలో ఆ చిన్న అరుపులే మాటిమాటికీ వినపడ్డాయి. సగానికి 28-17, అపలాచియన్ ముందు. కింది డివిజన్ జట్టది. అక్కడ వరసగా రెండేళ్లు చాంపియన్లు, నిజమే, కానీ మావాళ్లది దేశంలో అయిదో ర్యాంకు. మా రూమ్మేటు "రేడియో తప్పు చెప్తోందేమో మామా" అన్నాడు.

నాలుగో క్వార్టర్లో మావాడు మైక్ హార్ట్ బంతితో 54 యార్డులు పరిగెత్తాడు. కిటికీలోంచి ఆ రోజుకల్లా పెద్ద హోరు. 32-31, మావాళ్లు ముందు. ఇంకో 26 సెకన్లుండగా అపలాచియన్ ఫీల్డ్ గోల్ కొట్టింది. 34-32. తర్వాత మావాళ్లలో హెన్నీ విసిరిన బంతి మ్యానింగ్‌హామ్ పట్టాడు, 46 యార్డులు. చింతగింజని ఒక్కసారిగా 20 యార్డుల గీత మీదికి తోశా. ఆరు సెకన్లున్నాయి. 37 యార్డుల కిక్. వెళ్తే గెలుపు.

రేడియోలో ఇంకా కిక్కర్ సర్దుకుంటున్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డా. హోరు రాలేదు. ఎంత సేపు చూసినా రాలేదు. దూరంగా ఆ నలుగురు కుర్రాళ్ల అరుపు. అప్పుడు నా వెనక బెక్‌మన్ గొంతు లేచింది, కిక్‌ని అడ్డుకున్నారని. నాకు తెలిసిపోయింది అప్పటికే. పేపర్ మీద చింతగింజ 20 దగ్గరే ఉంది.

ఆ ఆటని టీవీలో చూసినవాళ్లు మా బిల్డింగులో ఒక్కరూ లేరు. మర్నాడు నాన్నకి ఫోన్లో చెప్తే, ఆట ఏమిటో అర్థం కాకపోయినా, "రేడియోలో విన్నావా? మరి ఇంకేంరా!" అన్నారు, ఏదో అదృష్టం కలిసొచ్చినట్టు.

కేబుల్ గొడవ తేలడానికి ఇంకో ఏడాది పట్టింది. 2008 ఆగస్టులో, నేనేమీ అడక్కుండానే, ఒక పొద్దున్న ఛానెల్ వచ్చి కూర్చుంది. ఆ ఏడాది మిషిగన్ 3 ఆటలు గెలిచి 9 ఓడింది. అన్నేసి ఓటములు ఆ జట్టు చరిత్రలోనే లేవు. అన్నీ శుభ్రంగా, చుక్కల్లేకుండా కనపడ్డాయి.

అప్పటికి చెవి రేడియోకి అలవాటు పడిపోయింది. టీవీ గొంతు నొక్కేసి ట్రాన్సిస్టర్ పెడదామంటే కొత్త బాధ: కేబుల్ బొమ్మ రేడియో కంటే వెనకబడి ఉంటుంది. టచ్‌డౌన్ అని వినపడ్డాక బంతి విసరడం చూడాలి. ట్రాన్సిస్టర్ ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి లాప్‌టాప్‌కి వైరు లాగి, మాటని కాసేపు ఆపి వదిలే చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టా. మొదటి కిక్ చప్పుడుకీ బంతి కదలడానికీ సరిపోయేదాకా అర సెకను చొప్పున జరపాలి. అయితే మధ్యలో అడ్వర్టైజ్‌మెంట్లు వచ్చి వెళ్లాక ఒక్కోసారి లెక్క మళ్లీ తప్పేది. మళ్లీ మొదటికి. రూమ్మేటు సోఫాలోంచి చూసి "వచ్చిందా?" అనేవాడు.

"వచ్చింది... వచ్చింది... పోయింది."