డీఎన్ఏ కోసం మేకపాల నమూనాలను భద్రపరచడం

మేక జన్యు పరీక్షకు రక్తం తీయక తప్పదని చాలామంది అనుకుంటారు. పాలిచ్చే మేక విషయంలో ఆ అవసరం లేదు. రోజూ పితికే పాలలోనే దాని కణాలు ఉంటాయి కనుక, సూది గుచ్చి జంతువును బాధపెట్టకుండానే ఆల్ఫా ఎస్1 కేసిన్ అనే పాల ప్రోటీన్‌కు చెందిన జన్యువులో ఏ రూపాంతరం ఉందో తెలుసుకోవచ్చు. ఈ సౌలభ్యం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. అయితే పాలు పితికిన తరువాతి కొద్ది గంటలలో నమూనాను ఎలా చూసుకున్నామన్నదే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

పాలలోని మేక డీఎన్ఏ ప్రధానంగా తెల్లరక్తకణాలలోనూ, పొదుగు లోపలి పొర నుంచి రాలిన కణాలలోనూ ఉంటుంది. మేక పొదుగులో పాలు స్రవించేటప్పుడు కణద్రవ్యపు తునకలు కూడా విడిపోయి పాలలో కలుస్తాయి. పరిమాణంలో అవి తెల్లరక్తకణాలను పోలి ఉన్నా, వాటిలో అధికభాగానికి డీఎన్ఏ ఉండే కేంద్రకం ఉండదు. అందుచేత కణాల లెక్క ఎక్కువగా కనిపించినంత మాత్రాన డీఎన్ఏ కూడా అంత వస్తుందని ఆశించకూడదు. డీఎన్ఏకు మాత్రమే అంటుకునే రంగుతో చేసిన లెక్కనే నేను నమ్ముతాను.

పాలను ఉన్నవి ఉన్నట్టుగా ఫ్రీజర్‌లో పెట్టడం అన్నిటికన్నా నష్టకరమైన అలవాటని నా అభిప్రాయం. గడ్డకట్టేటప్పుడు ఏర్పడే మంచు స్ఫటికాలు కణాల పొరలను చీల్చివేయడంతో, కరిగించిన తరువాత డీఎన్ఏ ద్రవంలోకి జారిపోతుంది. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి బరువైన కణాలను అడుగుకు చేర్చే యంత్రంలో) ఎంత తిప్పినా అడుగున చేరవలసిన కణాలలో చాలాభాగం చేరదు. కనుక తాజా పాలను వెంటనే చల్లబరచి, 4 డిగ్రీల సెల్సియస్ వద్ద సెంట్రిఫ్యూజ్ చేసి, పైన గట్టిపడిన కొవ్వును తీసివేసి, అడుగున మిగిలిన కణాలను ఫాస్ఫేట్ బఫర్ అనే, కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణంతో కడిగిన తరువాతే మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీలలో దాచాలి. కొవ్వు దానంతట అదే పైకి తేలుతుందని ఎదురుచూడడం వృథా, ఎందుకంటే మేకపాలలో కొవ్వు బిందువులు చిన్నవి, అవి తేలడానికి చాలా సమయం పడుతుంది. కడగడాన్ని కూడా తేలికగా తీసుకోకూడదు. మిగిలిపోయిన కాల్షియం, ప్రోటీన్లు తరువాత పీసీఆర్‌ను, అంటే పరీక్ష కోసం డీఎన్ఏ ప్రతులను పెంచే ప్రక్రియను, అడ్డుకుంటాయి.

సెంట్రిఫ్యూజ్ అందుబాటులో లేని చోట బ్రోనోపాల్ అనే నిల్వకారకం కలిపి, గడ్డకట్టనివ్వకుండా చల్లగా ఉంచి పంపడం మంచిది. అది బాక్టీరియా పెరుగుదలను ఆపి, పాలు పులిసి విరగకుండా చూస్తుంది. సోడియం అజైడ్ కూడా ఆ పని చేస్తుంది గాని, అది తీవ్రమైన విషం కనుక పొలంలో, కొట్టంలో వాడమని నేను ఎవరికీ చెప్పను. ఈడీటీఏ అనే రసాయనం కలిపితే, డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములకు అవసరమైన మెగ్నీషియాన్ని అది పట్టేసుకుంటుంది. ఆల్కహాల్‌ను మాత్రం నేరుగా పాలలో పోయకూడదు. మేకపాలు దానికి సులభంగా విరిగిపోయి, కణాలు ఆ గడ్డలలో చిక్కుకుంటాయి.

పితికే ముందు చనుమొనలను శుభ్రంగా తుడిచి, తొలి ధారలను వదిలేయాలి. పిల్ల అప్పుడే తాగి ఉంటే దాని నోటి కణాలు కూడా నమూనాలో కలిసే అవకాశం ఉంది. ఒక మేకకు వాడిన పాత్రను కడగకుండా మరో మేకకు వాడకూడదు.

ఇప్పటికే గడ్డకట్టించిన పాలు తప్ప వేరే నమూనా లేకపోతే, కరిగించిన తరువాత కణాలను వేరుచేసే ప్రయత్నం మానుకుని, మొత్తం పాలకే ఈడీటీఏ, డిటర్జెంటు, ప్రోటీన్లను విడగొట్టే ప్రోటీనేజ్ కె ఎంజైము చేర్చి డీఎన్ఏను తీయడం మేలు.