ఆర్కిడ్ నీటిని ఎక్కడ దాచుకుంటుంది?

నర్సరీలో ఏ ఆర్కిడ్ కొన్నా "వారానికి రెండుసార్లు నీళ్లు పోయండి, చాలు" అనే సలహాయే వినిపిస్తుంది. ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా ఒకే కుటుంబానికి చెందినవే అయినా వాటన్నిటి పెరుగుదల తీరు, నీరు దాచుకునే చోటు ఒకటి కాదు కనుక, మూడింటికీ ఒకే లెక్క చెప్పడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఆర్కిడ్ల పెరుగుదలను రెండు తీరులుగా వర్గీకరించినవాడు పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఫిట్జర్. మొదటిది మోనోపోడియల్ తీరు: ఒకే కాండం కొస నుంచి పైకి సాగుతూ, అటూ ఇటూ ఆకులు వేస్తూ, పూలకాడలను పక్కనుంచి, ఆకు మొదట్లోంచి పుట్టిస్తుంది. వాండా, ఫెలనాప్సిస్ ఈ కోవలోవి. రెండోది సింపోడియల్ తీరు: ఇందులో ఒక కాండం ముదిరాక దాని ఎదుగుదల ఆగిపోయి, అడుగునుంచి కొత్త మొలక బయలుదేరుతుంది, పసుపు కొమ్ములాగా మొక్క పక్కకు పాకుతుంది. కాట్లేయా, డెండ్రోబియం, ఆన్సీడియం ఇలా పెరుగుతాయి. అందుకే వీటిని కుండీ మధ్యలో కాకుండా, పాత కాండాలు అంచుకు ఆనేలా నాటి, కొత్త మొలకలు వచ్చే వైపు ఖాళీ వదలాలి.

సింపోడియల్ ఆర్కిడ్లలో చాలావాటికి ఉబ్బిన కాండం ఉంటుంది. దాన్నే సూడోబల్బు, అంటే నకిలీ గడ్డ, అంటారు. ఉల్లిగడ్డ ఆకుల పొరలతో ఏర్పడితే, ఇది అచ్చంగా కాండమే. ఆన్సీడియంలో ఒకే కణుపు నడిమి భాగం ఉబ్బి చదునైన గుడ్డు ఆకారం దాలుస్తుంది. డెండ్రోబియంలో అనేక కణుపులతో చిన్న చెరుకుగడలా నిలుస్తుంది. చెట్టు బెరడు మీద పడిన వాన నీరు కాసేపట్లోనే జారిపోతుంది కాబట్టి, దొరికినప్పుడు పీల్చి, మందమైన పైపొర లోపల జిగురుతో పాటు నిల్వ చేసుకోవడం ఈ మొక్కలకు ప్రాణావసరం. ఆకులు రాలిపోయిన పాత సూడోబల్బు కూడా వృథా కాదు. కొత్త మొలకకు నీటినీ ఆహారాన్నీ అందిస్తూనే ఉంటుంది. మధ్య అమెరికాలోని మిర్మెకోఫిలా అనే ఆర్కిడ్‌లో సూడోబల్బు బోలుగా ఉండి చీమలకు నివాసమవుతుంది. అవి లోపల వదిలే చెత్త నుంచి మొక్క పోషకాలను గ్రహిస్తుంది. ఇంత చక్కని ఇచ్చిపుచ్చుకోవడం మనుషుల్లోనూ అరుదే!

సూడోబల్బు ముడతలు పడితే వెంటనే నీళ్లు గుమ్మరించకూడదు. వేళ్లు కుళ్లినా అదే లక్షణం కనిపిస్తుంది కనుక ముందు వేళ్లను చూడాలి.

ఇక వాండాకు సూడోబల్బు లేదు. మన ఊళ్లలో మామిడి చెట్ల మీద కనిపించే వాండా టెస్సెలాటాను బదనికల్లో కలిపేస్తారు గానీ, అది ఆ చెట్టు రసం పీల్చదు; కేవలం ఆసరా తీసుకుంటుంది. దాని వేళ్ల చుట్టూ ఉండే వెలామెన్ అనే మృతకణాల పొర స్పంజిలా నీటిని పీల్చుకుంటుంది. తడిసినప్పుడు వెండి రంగు వేరు ఆకుపచ్చగా మారడం కంటికే తెలుస్తుంది. దళసరి ఆకులు కొంత నీటిని నిలుపుకొంటాయి. పత్రరంధ్రాలను ఎక్కువగా రాత్రిపూట తెరవడం వల్ల ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. అయినా ఆ నిల్వ స్వల్పమే కనుక, హైదరాబాదు మే నెల ఎండల్లో బుట్టలో వేలాడే వాండాకు రోజూ తడి అందాలి. పక్కనే ఉన్న ముదిరిన ఆన్సీడియం రెండు మూడు రోజులు ఆగగలదు.

డెండ్రోబియం నోబిలే సంగతి మరో రకం. చలికాలంలో దానికి నీరు బాగా తగ్గించి, చల్లదనం తగలనివ్వాలి. అప్పుడు కూడా ధారాళంగా పోస్తే కణుపుల దగ్గర పూలకు బదులు పిల్లమొక్కలు వస్తాయి. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే డెండ్రోబియం ఫెలనాప్సిస్ (ఇది డెండ్రోబియంలోనే ఒక రకం, పైన చెప్పిన ఫెలనాప్సిస్ కాదు) సంకరాలకు అంత కఠినమైన విరామం అవసరం లేదు. వాటి పాత గడలు పచ్చగా, గట్టిగా ఉన్నంతవరకు కోయకపోవడమే మంచిది, ఎందుకంటే ఒకసారి పూసిన గడే కొస దగ్గర మళ్లీ పూయగలదు; మొక్కను విడదీయవలసి వస్తే ప్రతి భాగానికీ కనీసం మూడు నాలుగు గడలు మిగిలేలా చూడాలి.