ఉదయగిరి మండపం, 16 జీబీ ర్యామ్: నా లాప్‌టాప్ డైరీ

మార్చి 9

రాత్రి పదకొండింటికి పెట్టి పడుకున్న పని పొద్దున లేచి చూస్తే ఆగిపోయి ఉంది. మెషింగ్ దగ్గరే, మూడోసారి.

పనేమిటో ముందు చెప్పాలి. ఉదయగిరి కొండ కింద శిథిలమైన రంగనాయకుల గుడి ఉంది కదా, దాని మండపాన్ని ఫొటోల నుంచి త్రీడీ మోడల్‌గా కడుతున్నాను. మా అమ్మమ్మది ఆ పక్క పల్లె. ఎండాకాలం సెలవులకి పోతే ఆ స్తంభాల మధ్యే దాగుడుమూతలు ఆడేవాళ్ళం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఈ కోటను గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. విగ్రహం పోయింది, రాళ్ళు మిగిలాయి. ఆ మిగిలినవైనా ఇప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లా దాచిపెట్టుకోవాలని నా కోరిక. పోయిన నెల నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బస్సులో పోయి, ఎండ ముదరకముందే 412 ఫొటోలు తీసుకొచ్చాను. ఒక్కోటి 24 మెగాపిక్సెళ్ళు.

సాఫ్ట్‌వేర్ మెష్‌రూమ్. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. అది పనిని అంచెలంచెలుగా చేస్తుంది. మొదట ప్రతి ఫొటోలోనూ గుర్తుపట్టదగ్గ చుక్కలు వెతికి, ఏ చుక్క ఏయే ఫొటోల్లో మళ్ళీ కనబడిందో జత చేస్తుంది. ఇది ప్రాసెసర్ పని. తర్వాత డెప్త్ మ్యాప్, అంటే ఫొటోలోని ప్రతి బిందువూ కెమెరాకి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టడం. దీనికి క్యుడా (గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు నడిపే ఎన్‌విడియా పద్ధతి) నడిచే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే. ఆ తర్వాత మెషింగ్. కోట్లాది చుక్కల్ని ఒక్కసారిగా ర్యామ్‌లోకి లాక్కుని, వాటి మీద వల అల్లుతుంది. చివర్న ఆ వల మీద ఫొటోల రంగు అద్దుతుంది.

లాప్‌టాప్ 2022 నాటి గేమింగ్ మోడల్. కోర్ ఐ7 12700హెచ్ ప్రాసెసర్, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 230 వాట్ల అడాప్టర్. మా బావ వాడి, కొత్తది కొనుక్కున్నాక నాకు తక్కువకి ఇచ్చాడు. "ఇంక దీన్ని అమ్మేసి కొత్తది తీసుకో" అని మొన్న ఆయనే సలహా ఇచ్చాడు. కొత్తదానికి లక్షన్నర. ముందు దీని జబ్బేమిటో తెలియాలి.

మార్చి 16

ఈ ఆదివారం అంతా కొలవడమే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ ఒక పక్క, లోపలి వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం ఒక పక్క తెరిచి, మెషింగ్ మళ్ళీ మొదలుపెట్టి కుర్చీ కదలకుండా చూశాను.

పది నిమిషాల్లో ర్యామ్ 15.3 జీబీకి చేరింది. ఆ కిందే "కమిటెడ్" అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. అసలు కథ అక్కడే ఉంది. ప్రోగ్రాములన్నీ కలిసి అడిగిన మెమరీ అది. నాకు 29 దాటింది. ర్యామ్‌లో పట్టని భాగాన్ని విండోస్ ఎస్ఎస్‌డీ మీదున్న పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది. అప్పుడు డిస్క్ 100 శాతం, ప్రాసెసర్ 9 శాతం. 14 కోర్ల ప్రాసెసర్ డిస్క్ కోసం చేతులు కట్టుకుని కూర్చుంది. కాసేపటికి సి డ్రైవ్ నిండిపోయింది, పని చచ్చిపోయింది.

కాబట్టి ప్రాసెసర్ మార్చాలన్న మాటకి అర్థం లేదు. ఇక్కడ ఇరుకైంది ర్యామ్ ఒక్కటే.

అదే పేజీలో స్లాట్లు 2లో 2 వాడుకలో ఉన్నాయని చూపించింది. అంటే రెండు 8 జీబీ ముక్కలు. ఇంకోటి చేర్చే వీలు లేదు, రెండూ తీసేసి కొత్త జత వేయాలి. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 64 జీబీ. నాకు ఇప్పటికి 32 చాలు.

మార్చి 23

ట్రంకు రోడ్డులో మూడు షాపులు తిరిగాను. మొదటి షాపులో కుర్రాడు పాత తరం డీడీఆర్4 ముక్క తీసిచ్చి "ఇదే అన్నా, అన్నిటికీ పడుతుంది" అన్నాడు. పడదు. డీడీఆర్4 లాప్‌టాప్ ర్యామ్‌కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262. గాటు ఉండే చోటు కూడా వేరు. బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. మూడో షాపులో అనుభవం ఉన్న మనిషి దొరికాడు. "పాతది తీసుకొచ్చి చూపించు అబ్బయ్యా, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు. అదీ పద్ధతి.

రెండు 16 జీబీ ముక్కలు, 4800 స్పీడు, జత 8,600 పడింది. కొనేముందు చీటీ మీద ఒక చిన్న రాత చూసుకున్నాను. నా పాత 8 జీబీ ముక్కల మీద "1ఆర్ఎక్స్16" అని ఉంది, వీటి మీద "1ఆర్ఎక్స్8". మొదటి రకంలో నాలుగే పెద్ద చిప్పులు, రెండో దాంట్లో ఎనిమిది. నాలుగు చిప్పుల దాంట్లో బ్యాంక్ గ్రూపులు, అంటే చిప్పు లోపల మెమరీని పంచిన గదుల గుంపులు, సగమే ఉంటాయి కాబట్టి, చీటీ మీద స్పీడు ఒకటే అయినా పనిలో కాస్త వెనకబడుతుంది. షాపులో ఎవరూ చెప్పరు, మనమే చదువుకోవాలి.

ఇంటికొచ్చి విప్పాను. అడుగున పది స్క్రూలు, ముందు వరుసవి పొట్టివి, వెనకవి పొడుగువి. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూని ఆ చోటే టేపుతో అంటించాను. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర బొడిపె లేస్తుంది. మూత అంచులు పాత ఏటీఎం కార్డుతో లేపాను. ఏదీ ముట్టుకోకముందే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అనుకోకూడదు, బ్యాటరీ తగిలి ఉన్నంతసేపూ బోర్డులో కరెంటు ఉంటుంది. ఒంట్లో స్టాటిక్ పోవడానికి కిటికీ ఇనప ఊచ పట్టుకున్నాను.

ర్యామ్‌కి రెండు పక్కలా సన్నటి ఇనప క్లిప్పులు. రెండు బొటనవేళ్ళతో బయటికి నెడితే ముక్క తనంతట తనే వాలుగా పైకి లేస్తుంది. కొత్తది అదే వాలులో, బంగారు అంచు దాదాపు కనబడనంతగా లోపలికి నెట్టి, కిందికి నొక్కితే రెండు పక్కలా "టక్" మంటుంది. ఒక పక్కే శబ్దం వస్తే సరిగ్గా కూర్చోనట్టే.

మూత వేసి బటన్ నొక్కాను. తెర నల్లగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, కీబోర్డు లైటు వెలుగుతోంది, తెర మాత్రం రాలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అమ్మ వెనక నిలబడి "ఏందిరా, కాలబెట్టినావా?" అంది. నాకు చెమటలు. కొత్త డీడీఆర్5 ముక్కలు వేసిన మొదటిసారి బోర్డు వాటితో సర్దుకోవడానికి సమయం తీసుకుంటుందని, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారని నాకు తెలుసు. తెలిసినా చేతులు ఆగడం కష్టం. ఆ సమయంలో భయపడి పవర్ బటన్ నొక్కి పట్టుకోవద్దు. నాలుగో నిమిషంలో తెర వెలిగింది. 32 జీబీ.

ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం పెన్‌డ్రైవ్ నుంచి నడిపాను. ఉచిత వెర్షన్‌లో నాలుగు చుట్లు తిరుగుతుంది. పొద్దునకి ఒక్క తప్పు కూడా లేదు. ఈ పరీక్ష మానేసి నేరుగా పనిలోకి దిగితే, రేపు మోడల్ చెడినప్పుడు తప్పు ఫొటోలదో ర్యామ్‌దో తెలియదు.

మార్చి 30

మెషింగ్ పూర్తయింది. ర్యామ్ గరిష్ఠంగా 24 జీబీ దాకా పోయింది, డిస్క్ నిశ్శబ్దంగా ఉంది. 51 నిమిషాలు. వల మీద స్తంభాల అంచులు చూసి చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

ఎస్ఎస్‌డీ పెట్టే రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటే 1 టీబీ జెన్4 ఎస్ఎస్‌డీ వేశాను. మెష్‌రూమ్ ఒక్కో అంచె ఫలితాన్ని దాచుకునే కాష్ ఫోల్డర్ అందులోకి మార్చాను. దీని గురించి చెప్పడానికి ఇంకేం లేదు, పది నిమిషాల పని.

ఏప్రిల్ 20

ర్యామ్ ఇరుకు తీరాక కొత్త గోడ కనబడింది: వేడి. గదిలో మధ్యాహ్నం 36 డిగ్రీలు. రోహిణి కార్తె ఇంకా రానే లేదు.

ఈ ప్రాసెసర్ మూల పవర్ 45 వాట్లు, గరిష్ఠ టర్బో 115 వాట్లు. లాప్‌టాప్ లోపల రెండు హద్దులు ఉంటాయి. పీఎల్2 అన్నది కాసేపటికి దూకనిచ్చే హద్దు. ఆ గడువు తీరాక ఎంతసేపైనా నిలబడనిచ్చే హద్దు పీఎల్1. నా మెషీన్‌లో పర్ఫార్మెన్స్ మోడ్‌లో పీఎల్1 90 వాట్లకి పెట్టి ఉంది. కాగితం మీద 90. నెల్లూరు ఎండలో ఏమవుతుందో చూద్దామని చుక్కల జత కలిపే అంచెని, అవే ఫొటోలతో, మూడు సార్లు నడిపాను. ఒక్కో పరుగుకీ మధ్య అరగంట చల్లారనిచ్చాను.

90 వాట్ల దగ్గర: వేడి 97 డిగ్రీలకి ఎక్కింది. ఈ చిప్పుకి 100 డిగ్రీలే కడపటి గీత కాబట్టి తనంతట తనే తగ్గుతూ, 70 వాట్ల చుట్టూ పైకీ కిందికీ ఊగింది. 38 నిమిషాలు. 65 వాట్లకి కట్టేస్తే 86 డిగ్రీలు, 39 నిమిషాలు. 55కి కడితే 79 డిగ్రీలు, 43 నిమిషాలు.

అంటే 90 అన్నది పేరుకే. ఆ వేడిలో అది నిలిచేది 70 దగ్గరే. 65కి కట్టేస్తే నేను పోగొట్టుకున్నది ఒక్క నిమిషం, తగ్గింది పదకొండు డిగ్రీలు. దీనికి కారణం సూటిగానే ఉంటుంది. వేగం చివరి మెట్లు ఎక్కాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, పవర్ ఆ వోల్టేజీ వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. కొంచెం వేగానికి చాలా వేడి కట్టాల్సి వస్తుంది.

ఈ హద్దుని థ్రాటిల్‌స్టాప్ అనే చిన్న ప్రోగ్రాంలో మార్చాను. నా మెషీన్‌లో ఆ గడి తెరిచే ఉంది, కొన్ని మోడళ్ళలో తాళం వేసి ఉంటుంది. వోల్టేజీ తగ్గించడం మాత్రం నా దాంట్లో కుదర్లేదు. 2019 చివర్లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా లాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు.

గ్రాఫిక్స్ అంచెలో ఇంకో సంగతి బయటపడింది. ప్రాసెసర్‌కీ కార్డుకీ వేడి మోసే రాగి గొట్టాలు ఒకటే. డెప్త్ మ్యాప్ కట్టేటప్పుడు ప్రాసెసర్‌కి పెద్ద పనుండదు, అయినా ఊరికే 50, 60 వాట్లు తాగుతోంది. ఆ అంచెకి మాత్రం దాన్ని 35కి కట్టాను. అంతకుముందు 95 వాట్ల దగ్గర తడబడుతున్న కార్డు 115 దగ్గర నిలబడింది. 1 గంట 52 నిమిషాల పని 1 గంట 40కి దిగింది. పైసా ఖర్చు లేదు. ఆర్‌టీఎక్స్ 3060 అని ఒకే పేరుతో 60 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాల లాప్‌టాప్‌లు అమ్మారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు కార్డు పేరుతో పాటు ఈ వాట్ల అంకె కూడా అడగాలి.

మే 4

అడాప్టర్ వైరు మెడ దగ్గర తెగింది. బజార్లో "230 వాట్లదే, సరిపోతుంది" అంటే ఒకటి కొన్నాను. పెట్టగానే ఛార్జింగ్ గుర్తు వచ్చింది గానీ, ప్రాసెసర్ 20 వాట్లు దాటలేదు, కార్డు నత్తనడక. చిప్పు మీద వేడి లాగే పేస్టు ఎండిందేమో, ఫ్యాను చెడిందేమో అని ఒక రోజంతా వెతికాను. జబ్బు అడాప్టర్‌ది. దాన్ని లాప్‌టాప్ గుర్తుపట్టక, తక్కువ పవర్‌దని లెక్కేసి బిగించేసింది. తిరిగి ఇచ్చేసి, కంపెనీ అడాప్టరే తెప్పించాను. దాని వెనక 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. రెండూ గుణిస్తే 230. కొనేటప్పుడు ఈ రెండు అంకెలూ చూడాలి, కానీ అవి సరిపోయినంత మాత్రాన లాప్‌టాప్ ఒప్పుకుంటుందని అనుకోకూడదని ఇప్పుడు అర్థమైంది.

కరెంటు పోయినప్పటి సంగతి. ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం లాప్‌టాప్ బ్యాటరీయే మోస్తుంది కాబట్టి పని ఆగదు. కానీ మా ఇన్వర్టర్ పాతది, స్క్వేర్ వేవ్. దాని మీద అడాప్టర్ జుయ్యిమని మోగుతుంది, వేడెక్కుతుంది. అందుకే కరెంటు పోతే ప్లగ్ తీసేసి పని పాజ్ చేస్తున్నాను. బ్యాటరీ ఒక్కదాని మీద కార్డుకి సగం పవర్ కూడా అందదు. మెష్‌రూమ్‌లో ఉన్న మేలు ఏమిటంటే, అయిపోయిన అంచెలు కాష్‌లో భద్రంగా ఉంటాయి, ఆగిన చోటు నుంచి అందుకోవచ్చు.

మే 18

పిన్ని కొడుకు ఇంజినీరింగ్‌లో చేరబోతున్నాడు, లాప్‌టాప్ కొనాలి. "అన్నా, ఇప్పటికి 16 తీసుకుని తర్వాత పెంచుకుంటా" అన్నాడు. వాడు చూపించిన సన్నటి మోడల్‌లో ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5ఎక్స్, బోర్డుకే అతికించి ఉంది. తర్వాత అన్న మాటే లేదు. కొన్న రోజు ఎంతో చివరిదాకా అంతే. ఎల్‌పీక్యామ్2 అని విప్పి మార్చుకోగల కొత్త రకం వచ్చింది, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది, కానీ వాడి బడ్జెట్‌లో అలాంటివి లేవు. రెండు స్లాట్లున్న కాస్త లావుపాటి మోడల్ తీసుకోమన్నాను. వాడికి లావు నచ్చలేదు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

నా దాంట్లో ఇంక మార్చలేనిది గ్రాఫిక్స్ కార్డు. చిప్పు బోర్డుకే అతికి ఉంటుంది, 6 జీబీ మెమరీ అంతే. థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టుకి బయటి కార్డు పెట్టుకోవచ్చు గానీ, డబ్బా, కార్డు కలిపితే నేను లాప్‌టాప్‌కి ఇచ్చిన దానికంటే ఎక్కువవుతుంది. వద్దనుకున్నాను. డెప్త్ మ్యాప్‌లో డౌన్‌స్కేల్ 2 దగ్గరే, అంటే ఫొటోల్ని సగం సైజుకి తగ్గించి, ఉంచితే ఈ 6 జీబీ సరిపోతోంది.

జూన్ 1

మొదటి పూర్తి మోడల్. మొదటి నుంచి చివరిదాకా 4 గంటల 20 నిమిషాలు, ఒక్కసారీ ఆగలేదు. అమ్మకి చూపించాను. మౌసు పట్టుకుని మెల్లగా తిప్పుతూ "ఇదిగో, ఈ స్తంభం పక్కనే మీ అమ్మమ్మ సద్దిమూట పెట్టేది" అంది.

దగ్గరికి జూమ్ చేస్తే స్తంభాల కింది భాగం బాగా వచ్చింది, ఉలి గీతలు కూడా తెలుస్తున్నాయి. పైకప్పు అంచు దగ్గర మాత్రం పెద్ద చిల్లులు. ర్యామ్ పెంచినా వాట్లు సర్దినా అవి పూడవు. కింద నిలబడి తీసిన ఫొటోల్లో ఆ భాగమే లేదు. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి మళ్ళీ పోతున్నాను. స్నేహితుడి దగ్గర ఆరడుగుల మోనోపాడ్ (కెమెరాని పైకెత్తే ఒంటి కర్ర) తీసుకున్నా. లాప్‌టాప్‌కి ఈసారి 230 వాట్ల ఇటుక మోసుకుపోకుండా 100 వాట్ల టైప్-సి ఛార్జర్ చాలు. అక్కడ ఫొటోలు సరిచూసుకోవడమే, మోడల్ కట్టేది ఇంటికొచ్చాకే.