పిన్ని చెయ్యి, టైలర్ సుద్ద

మా పిన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజులు కుడుతుంది, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మగ్గం వర్క్ కూడా. రెండు నెలలుగా అర్ధరాత్రి తిమ్మిరితో లేచి చెయ్యి విదిలించుకుంటూ కూర్చుంటోంది, పగలు సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైపోయింది. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే ఆయన మణికట్టు మీద వేలితో రెండుసార్లు తట్టి "జిల్లుమందా?" అన్నాడట. లేదంది. "అయితే ఇది మణికట్టుది కాదు, మెడది" అని మెడపట్టీ రాసిచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. తట్టినందుకు కాదు, ఆ ఒక్క "లేదు"తో తేల్చేసినందుకు.

ఆ తట్టడాన్ని టినెల్ పరీక్ష అంటారు. ఫ్రెంచి డాక్టరు జూల్ టినెల్ 1915లో దాని గురించి రాసింది యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికుల కోసం, కార్పల్ టన్నెల్‌కి (మణికట్టులోని ఇరుకు సొరంగంలో చేతి నరం నలిగిపోయే జబ్బు) తర్వాత తెచ్చిపెట్టారు. చాలా అధ్యయనాలు కలిపి చూసిన 2004 నాటి సమీక్షలో, జబ్బున్న నూరుమందిలో దానికి దొరికింది సుమారు సగం మందే. అంటే పిన్ని చెప్పిన "లేదు"కి పెద్ద విలువ లేదు. ఫాలెన్ పరీక్ష (నమస్కారానికి తలకిందులు, చేతుల వెనక వైపులు ఆనించి వేళ్ళు కిందికి పెట్టి నిమిషం ఉండాలి) కొంచెం నయం, 68 దాకా పట్టింది, కానీ జబ్బు లేనివాళ్ళలో కూడా నాలుగో వంతు మందికి తిమ్మిరి తెప్పించింది. మణికట్టుని బొటనవేళ్ళతో 30 సెకన్లు నొక్కే పరీక్షకి 1991లో దాన్ని చెప్పిన డర్కన్ లెక్కలో 87 వచ్చింది, కాకిపిల్ల కాకికి ముద్దు కదా, నేను కొంచెం తగ్గించే చదువుకున్నా.

ఇంతకీ పనికొచ్చేది ఏంటంటే బొమ్మ. తిమ్మిరి ఎక్కడుందో పేషెంటుతోనే చెయ్యి బొమ్మ మీద గీయించడం. 2000లో వచ్చిన ఒక పేరున్న సమీక్ష ఈ బొమ్మా, సూది గుచ్చితే చూపుడు వేలికి నొప్పి తక్కువ తెలియడమూ, బొటనవేలు పైకెత్తే బలం తగ్గడమూ సాయపడతాయనీ, టినెల్, ఫాలెన్‌లతో పెద్దగా తేలదనీ చెప్పింది. విచిత్రంగా, రాత్రి తిమ్మిర్లు కూడా ఆ తేలని జాబితాలోనే ఉన్నాయి, అనుమానంతో పరీక్షకి వచ్చేవాళ్ళలో చాలామందికి అవి ఎలాగూ ఉంటాయి కాబట్టి కావచ్చు.

ఆదివారం వెళ్ళి, పిన్ని కటింగ్‌కి వాడే ఖాకీ కాగితం మీద ఆమె చెయ్యి పెట్టించి చుట్టూ గీశాను. "తిమ్మిరి ఎక్కడో నింపు పిన్నీ" అని నీలం సుద్ద ఇచ్చా. "నీకేం పన్లేదురా" అంటూనే బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు నింపేసింది, ఉంగరపు వేలు దగ్గర ఆగి, ఆలోచించి, సగమే నింపింది. చిటికెన వేలు ఖాళీ. అరచెయ్యీ ఖాళీయే, దాని చర్మానికి వెళ్ళే నరం కొమ్మ మణికట్టులోని ఆ ఇరుకు సొరంగంలో దూరకుండా పైనుంచి పోతుంది మరి. పుస్తకంలో బొమ్మ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, ఆవిడేమో పదో తరగతి దాటలేదు.

ఇంకో డాక్టరు ఆ కాగితం చూసి, చూపుడు వేలికీ చిటికెన వేలికీ గుచ్చి తేడా అడిగి, బొటనవేలు నొక్కి చూసి, నరాల టెస్టు రాశారు. మణికట్టు దగ్గరే అడ్డు ఉందని వచ్చింది. ఆ టెస్టు కూడా కొందరిలో నార్మల్‌గా వచ్చేస్తుందట, మాకు రాలేదు. రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుంటోంది.

కాగితం మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. దాని వెనక ఎవరిదో బ్లౌజు కొలతలున్నాయట, తెచ్చివ్వమని పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది.