ఆరేళ్లు ఒడ్డున నిలిచిన కాటలినా 30: నీళ్లలోకి దించేదాకా పనుల చిట్టా

పడవ 80ల నాటి కాటలినా 30, తెరచాప పడవ. ఫైబర్‌గ్లాస్ హల్ (పడవ ఒళ్లు), ఫిన్ కీల్ (అడుగున రెక్కలా దిగే బరువు), డెక్ (పై తలం) మీద నిలిచే మాస్ట్ (తెరచాప స్తంభం). ఇంజిన్ యూనివర్సల్ ఎం-25, అంటే కుబోటా మూడు సిలిండర్ల డీజిల్, 21 హార్స్‌పవర్. ఉన్నది అమెరికాలోని మేరీల్యాండ్‌లో, చెసపీక్ బే (అఖాతం) ఒడ్డున ఒక పడవల యార్డులో. మాస్ట్ దించి పక్కన పెట్టి ఉంది. మే చివరికి నీళ్లలో ఉండాలి, జూన్‌లో బే వెంట వారం రోజుల ప్రయాణం చెయ్యాలి.

ఒడ్డున నిలిచిన పడవను ఉప్పునీటి కన్నా ఎక్కువగా తినేది వాన నీరు. పైనుంచి దిగుతుంది, కదలకుండా నిలుస్తుంది, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది. అందుకే అడుగు రంగు జోలికి పోకుండా, నీరు ఎక్కడెక్కడ చేరిందో వెతకడంతో పని మొదలైంది.

మార్చి, మూడో వారం

కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) తూములు రెండూ ఆకులతో పూడిపోయాయి. తూము పూడితే కాక్‌పిట్ తొట్టిలా నిండుతుంది, ఆ నీరు సీటు మూతల కింది నుంచి బిల్జ్‌లోకి, అంటే పడవ లోపలి అట్టడుగుకు జారుతుంది. ఇక్కడ జరిగింది అదే. బిల్జ్‌లో రెండు బకెట్ల నీళ్లు, ఇంజిన్ కింద నూనె తెట్టు.

ఈ మోడల్‌లో ముందుగా చూడాల్సింది మాస్ట్ బరువు మోసే కంప్రెషన్ పోస్ట్ పాదం. దాని కింద బిల్జ్‌లో చెక్క దిమ్మ ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే సెంటీమీటరు లోతు దిగింది, చుట్టూ నల్లటి నీరు ఊరింది. దిమ్మ కుళ్లితే పోస్ట్ దిగుతుంది, పైన డెక్ గుంట పడుతుంది, ష్రౌడ్లు (మాస్ట్‌ను పక్కల నుంచి పట్టే తీగలు) ఎంత బిగించినా మళ్లీ వదులవుతాయి. చెక్క స్థానంలో జి-10 అనే గట్టి ఫైబర్‌గ్లాస్ పలకలు ఒకదాని మీద ఒకటి ఎపాక్సీతో అంటించి అదే ఎత్తుకు పెట్టాం. మాస్ట్ దించి ఉంది కాబట్టి ఒక్క పూటలో అయింది. మాస్ట్ నిలబడి ఉండగా దీన్ని ముట్టుకోకూడదు.

డెక్ మొత్తం ప్లాస్టిక్ సుత్తి పిడితో తట్టి చూశాం. గట్టిగా ఉన్నచోట టక్కున మోగుతుంది, లోపలి కోర్ (రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య నింపుడు) తడిసినచోట మొద్దుగా పలుకుతుంది. ఎడమ చైన్‌ప్లేట్ (ష్రౌడ్లు తగిలించే లోహపు పట్టీ) చుట్టూ అరచేయంత మేర అలా పలికింది. చైన్‌ప్లేట్ ఊడదీసి, తడి కోర్ గీకి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీ నింపి, మళ్లీ రంధ్రం చేసి నీరు దిగకుండా బంకలాంటి బ్యూటైల్ టేపుతో బిగించాం. సిలికాన్ మాత్రం పుయ్యొద్దు. పట్టు వదిలాక ఆ చోట ఇంకేదీ అంటదు.

ఏప్రిల్, మొదటి వారం

హల్‌లో నీటి మట్టానికి కింద ఉన్న ప్రతి రంధ్రం దగ్గరా వాల్వు తిప్పి చూడాలి. నాలుగింట్లో రెండు పాత గేట్ వాల్వులు. వాటి చక్రం తిరుగుతుంది, లోపల గేటు మాత్రం కాడ నుంచి ఊడిపోయి కదలదు, పైకేమో మూసినట్టే ఉంటుంది. రెండూ తీసి కంచు సీకాక్‌లు (హల్ రంధ్రాన్ని మూసే గట్టి వాల్వులు) పెట్టాం. పాత ఇత్తడి ముక్కను కత్తితో గీకితే పసుపు రంగు బదులు గులాబీ రంగు కనిపించింది. జింకు కరిగిపోయి గుల్లబారిన రాగి మిగిలిందన్నమాట, దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. హోస్‌లకు చోటున్న ప్రతిచోటా రెండేసి క్లాంపులు, ప్రతి సీకాక్‌కూ తాడుతో కట్టిన మెత్తని చెక్క బిరడా.

ప్రొపెల్లర్ షాఫ్ట్ హల్ దాటే చోట నీరు రాకుండా ఆపే స్టఫింగ్ బాక్స్‌లో పాత ప్యాకింగ్ తాడు రాయిలా గట్టిపడింది. పూర్తిగా గోకి తీసి, షాఫ్ట్‌కూ నట్టుకూ మధ్య సందు కొలిచి ఆ సైజు ఫ్లాక్స్ (అవిసె నార తాడు) మూడు చుట్లు వేశాం. ఒక్కో చుట్టు విడిగా, కొసలు ఏటవాలుగా కోసి, అతుకులు ఒకే వరుసలో పడకుండా మూడో వంతు చొప్పున జరపాలి. మొత్తం ఒకే ముక్కగా చుడితే అది మెలిపడి షాఫ్ట్‌ను కోస్తుంది.

ఏప్రిల్, చివరి రెండు వారాలు: ఇంజిన్

ముందు పాత నూనె తీసి కొత్తది పోశాం. తర్వాత క్రాంక్ నట్టుకు సాకెట్ తగిలించి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పాం. బిగుసుకోలేదు.

డీజిల్ ట్యాంకు అడుగు నుంచి సన్నటి గొట్టంతో తోడితే మొదట నీళ్లు, తర్వాత నల్లటి జిగురు వచ్చాయి. నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఫిల్టర్లు పూడ్చేది వాటి జిగురే. తేటగా వచ్చేదాకా తోడి, ఫిల్టర్లు మార్చాం. ట్యాంకు గాలి గొట్టం కొసలో కందిరీగ మట్టి గూడు కట్టింది. దీన్ని చూడకపోతే ఇంజిన్ శుభ్రంగా అంటుకుని కొంతసేపు నడిచి ఆగిపోతుంది, ఎందుకంటే ట్యాంకులోకి గాలి రాక డీజిల్ కదలదు. ట్యాంకు మూత తిప్పగానే బుస్సున గాలి లోపలికి పీల్చుకుంటే కారణం ఇదే.

ఇంజిన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి పంపులోని ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) ఆరేళ్లూ ఒకే భంగిమలో వంగి ఉండి అలాగే బిగిసిపోయింది. ఆరు రెక్కల్లో ఒకటి లేదు. లేని రెక్క ఎక్కడికి పోయిందో కనిపెట్టకుండా కొత్తది వేసి మూసెయ్యకూడదు. ఇంజిన్ వేడిని సముద్రపు నీటికి అందించే హీట్ ఎక్స్‌చేంజర్ మూత విప్పితే, ఆ రబ్బరు ముక్క గొట్టాల నోటికి అడ్డంగా అతుక్కుని ఉంది, దాని వెనుక, మిగతా లోహం బదులు తాను కరగడానికి పెట్టే జింకు కడ్డీ విరిగిన తుంపులు. రెండూ ఏరి, కొత్త జింకు బిగించి, ఇంపెల్లర్‌కు గ్లిజరిన్ రాసి ఎక్కించాం.

ఈ కాలపు యూనివర్సల్ ఇంజిన్లలో ప్యానెల్ తీగల కట్ట మధ్యలో ట్రెయిలర్ల రకం ప్లగ్గులుంటాయి. వాటి పిన్నులు చిలుం పట్టి కరెంటును అడ్డుకుంటాయి, వేడెక్కి ప్లాస్టిక్ కరిగిస్తాయి. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే గ్లో ప్లగ్గుల (స్టార్ట్‌కు ముందు సిలిండర్లను వేడిచేసేవి) దగ్గర 9.8 మాత్రమే చూపింది. ఆ ట్రెయిలర్ ప్లగ్గులు కోసేసి, టిన్ పూత ఉన్న తీగలతో టెర్మినల్ స్ట్రిప్ మీద రింగు కొసలు బిగించాక 11.7 వచ్చింది. ఒకే ఒక్క విద్యుత్ పనికి సమయముంటే ఇదే చెయ్యాలి.

స్టార్ట్ చేసేటప్పుడు నీటి వాల్వు మూసి ఉంచాలి. తెరిచి ఉంటే, క్రాంక్ చేసినంతసేపూ పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది. ఇంజిన్ అంటుకోకపోతే వాటిని బయటికి నెట్టే పొగ ఉండదు, మఫ్లర్ నిండి నీరు సిలిండర్లలోకి వెనక్కి వస్తుంది. అంటుకున్న క్షణంలో వాల్వు తెరవాలి. ఒడ్డున ఉన్నాం కాబట్టి పంపు గొట్టాన్ని 20 లీటర్ల బకెట్‌లో పెట్టాం. తాళం తిప్పి ఎలక్ట్రిక్ డీజిల్ పంపు టకటకలాడుతుండగా బ్లీడ్ మర (గాలి వదిలే మర) వదులు చేసి బుడగలు పోనిచ్చాం, తర్వాత 20 సెకన్లు గ్లో. మూడోసారికి అంటుకుంది. తెల్ల పొగ నాలుగు నిమిషాల్లో తగ్గింది.

మే

రిగ్గింగ్ (మాస్ట్‌ను నిలబెట్టే) తీగల కొసల్లో స్వేజ్ గొట్టాలను, అంటే తీగ మీద నొక్కి బిగించిన లోహపు తొడుగులను 10 రెట్ల భూతద్దంతో చూశాం. కింది కొసల్లోనే నీరు చేరుతుంది కాబట్టి పగుళ్లూ అక్కడే పుడతాయి. ఒకదానిపై వెంట్రుక మందాన నిలువు గీత ఉంది. రెండో ఆలోచన లేకుండా మొత్తం తీగల సెట్ కొత్తది చేయించాం. ఒకటి పగిలిందంటే అదే వయసున్న మిగతావి పగలడానికి ఎంతో కాలం పట్టదు.

మంచినీళ్ల ట్యాంకుకు వాసన లేని మామూలు బ్లీచ్, ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు కలిపి, అన్ని కొళాయిల్లోకీ రానిచ్చి నాలుగు గంటలు ఉంచి కడిగేశాం. తెరచాప తాళ్లు లాగే వించ్‌లు విప్పేటప్పుడు అట్టపెట్టెకు రంధ్రం చేసి చుట్టూ తొడిగితే, ఎగిరే చిన్న స్ప్రింగులు నీళ్లపాలు కావు. గేర్లకు గ్రీజు, పాల్స్‌కు (వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కేలు) మాత్రం పలుచటి నూనె. గ్రీజు రాస్తే అవి అతుక్కుని హ్యాండిల్ వెనక్కి తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. ఆపదలో వెలిగించే ఫ్లేర్ల గడువు తయారైన తేదీ నుంచి 42 నెలలు, అన్నీ దాటిపోయాయి.

అడుగు రంగు చివరికి. పాత రంగును తడి చేస్తూ 80 నంబరు కాగితంతో రుద్దాలి, ఆ దుమ్ము విషం. రెండు పూతలకు గ్యాలన్నర పట్టింది, చుక్కాని అంచుకూ నీటి గీతకూ మూడో పూత. చెసపీక్ నీటిలో ఉప్పు తక్కువ కాబట్టి షాఫ్ట్ యానోడ్ (షాఫ్ట్ బదులు తాను కరిగే లోహపు ముక్క) జింకుది కాకుండా అల్యూమినియంది. దాని మీద రంగు పడకూడదు. పడవను నిలబెట్టిన స్టాండ్లు జరపడం యార్డు వాళ్ల చేతే చేయించాలి.

దించే రోజు పడవను నీళ్లలోకి దించాక క్రేన్ స్లింగుల్లోనే (పట్టీల్లోనే) పావుగంట ఆపమని ముందే అడిగాం. ప్రతి సీకాక్, స్టఫింగ్ బాక్స్, కొత్త హోస్‌లు పొడి టిష్యూతో ఒత్తి చూశాం. ఒక క్లాంపు చెమ్మగిల్లింది, అరచుట్టు బిగిస్తే ఆగింది. షాఫ్ట్ తిరుగుతుంటే నిమిషానికి రెండు మూడు చుక్కలు, ఆగితే ఏమీ లేదు. మర్నాడు పొద్దున బిల్జ్ అడుగు పొడిగా ఉంది. ఇక మిగిలింది జెనోవా అనే పెద్ద ముందు తెరచాప అంచు కుట్టు. దారం గోటితో గీరితే తెగుతోంది, బట్ట మాత్రం బాగానే ఉంది. జూన్ మొదటి వారానికి కుట్టి వస్తుంది.