వాన డబ్బా, 6వ విడత: పాండాస్‌ను లేపుతున్నదెవరు

దొరికింది! మా వాన లెక్క డబ్బాలోని పైథాన్ ప్రోగ్రామ్ ఎందుకంత నిదానమో కనిపెట్టడానికి నాలుగు రాత్రులు పట్టింది గానీ దొరికింది.

రాప్తాడు దగ్గర మా చేన్లో మోటారు షెడ్డులో పెట్టిన డబ్బాలో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్, ర్యామ్ 512 ఎంబీ. బటన్ నొక్కితే నిన్న ఎన్ని మిల్లీమీటర్లు పడిందో తెర మీద రావాలి, అంతే. దానికి 9.4 సెకన్లు పడుతోంది. నాయన అంతసేపు ఆగడు, మళ్లీ మళ్లీ నొక్కుతాడు, ప్రోగ్రామ్ మూడు కాపీలు ఒకేసారి నడిచి ర్యామ్ నిండిపోతుంది, "రేయ్, ఇది బిగుసుకుపోయిందిరా" అని ఫోన్. మా అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పదును వాన పడిన పొద్దున చెనక్కాయ విత్తాలా వద్దా అని చూసుకునే మనిషికి ఈ టెన్షన్ పెట్టకూడదు.

పాండాస్ (పట్టికల లెక్కలకు), మ్యాట్‌ప్లాట్‌లిబ్ (గ్రాఫులకు) అనే రెండు పైథాన్ లైబ్రరీలూ నెల రిపోర్టుకే కావాలి, కానీ ప్రోగ్రామ్ మొదలవగానే లోడ్ అవుతున్నాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇంపోర్ట్‌ను (లోడ్ చేసే లైనును) గ్రాఫ్ ఫంక్షన్ లోపలికి జరిపితే 6.8 సెకన్లకు దిగింది. పాండాస్‌ను మాత్రం ఐదు ఫంక్షన్లలో వాడుతున్నా, ఐదు చోట్లా ఇంపోర్ట్ రాయడం నాకు అస్సలు నచ్చదు, అందుకే వాడేదాకా లైబ్రరీని లోడ్ చేయకుండా నిద్రలో ఉంచే లేజీలోడర్ (పైథాన్ ఇంపోర్ట్‌లిబ్‌లోనిది) పెట్టా. 6.7! ఏమీ మారలేదు.

ఏ ఇంపోర్ట్‌కు ఎంతసేపు పట్టిందో జాబితా ఇచ్చే మైనస్ ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్‌తో నడిపి చూస్తే పాండాస్ అని సొంత లైను లేదు, పాండాస్ వాడుకునే నంపై లైబ్రరీ మాత్రం ఉంది. లేజీలోడర్ మామూలు ఇంపోర్ట్ దారిలో రాదు కాబట్టి పాండాస్ పేరు పడలేదు, కానీ ఎవరో దాన్ని తట్టి లేపారు, లేచి అది నంపైని పిలిచింది. ఎవరు?

ఎక్కడైనా 'ఫ్రమ్ పాండాస్ ఇంపోర్ట్' మిగిలిపోయిందేమో అని వెతికా, లేదు. తర్వాత టైప్ హింట్లు (ఫంక్షన్‌కు ఏ రకం డేటా వస్తుందో రాసే గుర్తులు) అనుకున్నా. నాది పైథాన్ 3.11, ఫంక్షన్ మొదలయ్యే డెఫ్ లైను దగ్గరికి రాగానే అది పీడీ.డేటాఫ్రేమ్ (పీడీ అంటే పాండాసే) అన్న హింట్‌ను విప్పి చూస్తుంది, అది చాలు లేవడానికి. హింట్లను విప్పకుండా ఆపే ఫ్యూచర్ అనొటేషన్స్ లైను ఫైలు మొదట్లో పెట్టా. అయినా 6.7. మెమరీ కార్డు నిదానమేమో అని శాన్‌డిస్క్ ఏ1 వేస్తే 6.1 (రాస్ప్‌బెర్రీ పై కోసం కార్డు కొనేటప్పుడు ఏ1 గుర్తు చూసే కొనండి, పాత కార్డులతో ప్రాణం విసుగుతుంది), కానీ అసలు రోగం అది కాదు.

చివరికి అదే ఫోల్డర్‌లో పాండాస్ పేరుతోనే ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టి, లోపల ట్రేస్‌బ్యాక్.ప్రింట్_స్టాక్ పిలిచా, తనను ఎవరు లేపారో ఆ వరుసంతా అది అచ్చేస్తుంది. దొంగ బయటపడ్డాడు: ప్రోగ్రామ్ ఏం చేస్తోందో రాసిపెట్టడానికి నేను రాసుకున్న లాగ్ ఫంక్షనే. పిలిచిన ఫంక్షన్ పేరు వేయడానికి అందులో ఇన్‌స్పెక్ట్.స్టాక్ వాడా. అది లోపల గెట్‌మాడ్యూల్‌ను పిలుస్తుంది, గెట్‌మాడ్యూలేమో సిస్.మాడ్యూల్స్‌లో (ఇంపోర్ట్ అయిన మాడ్యూళ్ల పట్టికలో) ఉన్న ఒక్కొక్కదాన్నీ "నీకు ఫైలు ఉందా" అని హ్యాజ్‌అట్టర్‌తో అడుగుతూ పోతుంది. లేజీ మాడ్యూల్‌ను ఏ అట్రిబ్యూట్ అడిగినా సరే, మొత్తం లోడ్ అయిపోతుంది! ఆ లైను తీసేసి, ఇలా అందర్నీ తట్టకుండా పేరు చెప్పే సిస్._గెట్‌ఫ్రేమ్ పెట్టా. 0.8 సెకన్లు.

పైథాన్ 3.15లో పెప్ 810 (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల ప్రతిపాదన)తో లేజీ అనే కీవర్డే వస్తోంది, వాడేదాకా మాడ్యూల్ సిస్.మాడ్యూల్స్‌లోకే ఎక్కదు కాబట్టి ఈ చిక్కు ఉండదు. ఒక్క ఫ్లాగ్‌తో అన్నింటినీ లేజీ చేద్దామన్న పెప్ 690ను 2022లో తిరస్కరించడం మంచిదైంది, ఏది ఆలస్యంగా రావాలో రాసేవాడే చెప్పాలి. అయినా నెల మొత్తం కూడడానికి పాండాస్ ఎందుకు, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక్క క్వెరీ చాలు. ఈ ఆదివారం చేనుకు పోయి ఈ 0.8 సెకన్ల వెర్షన్ ఎక్కించి, నాయన చేతే నొక్కించి చూస్తా. పాండాస్ తీసే పని ఆ తర్వాత.