తక్‌పట్టీ మీద వణికిన చెయ్యి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి మండీ గుమాస్తాను. రైతు సరుకు తూకమయ్యాక తక్‌పట్టీ, అంటే తూకం లెక్కల చీటీ, రాసివ్వడం నా పని. పొద్దున్నే క్వార్టర్ పడితే తప్ప నా చేతిలో పెన్ను నిలిచేది కాదు. ఒకరోజు పత్తికొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన పట్టీ వెనక్కి తెచ్చి, "ఇది ఒకటా, ఏడా నాయనా?" అని అడిగాడు. నేను రాసిందే నాకు తెలియలేదు. ఆయనకు కోపం రాలేదు. నా చెయ్యి వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రాత్రే పిల్లల మీద ఒట్టేసి మానేశాను. ఇంట్లో అందరికీ సంతోషం. మర్నాడు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. తెలివి వచ్చేసరికి అరచేతిలో బీరువా తాళాల గుత్తి, నోట్లో రక్తం రుచి. ఎవరో ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడుతున్నారు. నా బావమరిది మాత్రం, "అక్కా, ఇవన్నీ కాదు, పెద్దాసుపత్రికి పోదాం పా" అని నన్ను ఆటోలోకి ఎక్కించాడు.

సర్వజన వైద్యశాలలో డాక్టరు చెప్పింది విని మా ఇంటివాళ్లు బిత్తరపోయారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. ఆ తర్వాత మతి తప్పి, ప్రాణం మీదికే రావచ్చట. మానడం మంచిదే, కానీ డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మానాలి. ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. వణుకు తగ్గే మాత్రలు ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గించారు.

మూడో రాత్రి వార్డు గోడ నిండా చీమలు బారులు తీరి పాకాయి. నా భార్య కొంగుతో గోడ తుడిచి, నా చెయ్యి పట్టుకుని అదే గోడకు ఆనించి, "లేవు, చూడు, ఏమీ లేవు" అంటూనే ఉంది. తెల్లవార్లూ అంతే.

అంతకు రెండేళ్ల ముందు అప్పు చేసి నన్ను దూరాన ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్చారు. మూడు నెలలు తాళం వేసి ఉంచారు. ఇంటికొచ్చిన వారానికే మళ్లీ తాగాను. అక్కడ మందు దొరకలేదు, అంతే. సాయంత్రం ఆరు గంటలకు యార్డు గేటు దాటితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ పెద్దాసుపత్రి డీ అడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్ మొదట అడిగిందే అది. ఏ దారిన ఇంటికి పోతావు, ఎవరితో పోతావు, జేబులో ఎంత ఉంటుంది? దారి మార్చాను. జీతం నా భార్య చేతికే ఇప్పించాను. కోరిక తగ్గే మాత్రలు వాడాను. నా భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడారు. నాకు తెలియకుండా కూరలో ఏ పొడీ కలపొద్దని గట్టిగా చెప్పారు. మందు మాన్పించే మాత్రల్లో కొన్ని ఉన్నాయి, అవి ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం. తెలిసి వాడాల్సినవి అవి.

ఉగాదికి మళ్లీ తాగాను. ఏ మొహం పెట్టుకుని పోవాలని రెండు రోజులు ఇంట్లోనే పడుకున్నాను. మూడో రోజు వెళ్తే కౌన్సెలర్ ఒక్క మాట కూడా అనలేదు, కుర్చీ చూపించింది. ఇల్లు దగ్గర కాబట్టి వెళ్లగలిగాను. ఆసుపత్రి ఊరవతల ఉండుంటే ఆ రోజే నా కథ ముగిసేదని నమ్ముతున్నాను. ఎక్కడికి పోవాలో తెలియనివాళ్లు 14446కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

మొన్న మా యార్డు హమాలీ ఒకతను, "అన్నా, నన్నూ తోలకపో" అన్నాడు. ఓపీ దగ్గర ఏదో కాగితం ఇచ్చి పేరు రాయమన్నారు. అతని చెయ్యి ఆగడం లేదు. పెన్ను తీసుకుని నేను రాశాను.